కాటన్ విగ్రహం దాటి: ధవళేశ్వరం, రాజమండ్రి పనివాళ్ళ చరిత్ర

మే 15 వచ్చిందంటే గోదావరి డెల్టా అంతటా సర్ ఆర్థర్ కాటన్ విగ్రహాలకు దండలు పడతాయి. 1803లో ఆ రోజున పుట్టిన ఆ ఇంజనీరును ఇక్కడి రైతులు ఇప్పటికీ కాటన్ దొర అనే తలుచుకుంటారు. సభలు జరుగుతాయి, ఉపన్యాసాలు సాగుతాయి, పేపర్లలో ఫోటోలు వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే డెల్టా కాలువలు కట్టేసి ఉంటాయి. దాళ్వా తడులు అయిపోయాక ఏప్రిల్‌లో నీళ్ళు ఆపేస్తారు, సార్వాకు జూన్‌లో మళ్ళీ వదులుతారు. నడుమ ఉన్న ఆ కొద్ది వారాల్లో కాలువ అడుగు ఎండి బయటపడుతుంది. నీళ్ళున్నన్నాళ్ళూ కంటికి కనపడని రాతికట్టు, తూము గడపలు, లాకు అడుగున పరిచిన బండల వరసలు అప్పుడు చూడవచ్చు. డెల్టాను కట్టిన పని ఎలాంటిదో తెలుసుకోవాలనుకునే వాళ్ళకు ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి అదను దొరకదు. సభ అయ్యాక ఇంటికి వెళ్ళకుండా వక్తలూ శ్రోతలూ కలిసి కాలువ గట్టు వెంట ఓ మైలు నడిస్తే, వేదిక మీద చెప్పిన దానికి రెండింతలు అక్కడే చెప్పుకోవచ్చు.

రాజమండ్రి అనగానే నన్నయ, వీరేశలింగం, పుష్కరాలు గుర్తుకొస్తాయి. అందులో తప్పేమీ లేదు. కానీ ఇదే ఊరు, దీని పక్కనే ఉన్న ధవళేశ్వరం, నూట డెబ్భై ఏళ్ళకు పైగా రాయి కొట్టినవాళ్ళ, ఇనుము సాగగొట్టినవాళ్ళ, పడవలు కట్టినవాళ్ళ, పట్టాలు పరిచినవాళ్ళ ఊళ్ళు కూడా. ఆ చరిత్ర పుస్తకాల్లో ఉన్నదానికంటే నేల మీద ఎక్కువ ఉంది. దాన్ని చూపించాలంటే నడవాలి, దాన్ని చెప్పాలంటే ఆ పని చేసిన చేతులకు మాట ఇవ్వాలి. ఊరి చరిత్ర మీద ఆసక్తి ఉన్న కళాశాల అధ్యాపకులు, రిటైరైన ఇంజనీర్లు, సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులు కలిస్తే ఒక పూట నడకలో ఎంత తెలుస్తుందో ఈ వ్యాసంలో చూద్దాం.

నడక ధవళేశ్వరం కొండ దగ్గర మొదలుపెట్టడం మంచిది. కొండ మీద జనార్దనస్వామి గుడి ఉంది కాబట్టి దారి అందరికీ తెలుసు. గుడికి వెళ్ళేవాళ్ళు సాధారణంగా పట్టించుకోనిది కొండ పక్కలు. ఆనకట్టకు రాయి ఇక్కడి క్వారీల నుంచే వెళ్ళింది. ఎర్రటి ఇసుకరాయి అది. కాటన్ ఆనకట్టకు ఈ చోటు ఎంచుకోవడానికి నది వెడల్పు, నడుమ లంకలు ఎంత కారణమో, ఒడ్డునే రాయి దొరకడమూ అంతే కారణం. రాయిని క్వారీ నుంచి ఒడ్డుకు చేర్చడానికి 1845లో ఇక్కడ పట్టాలు వేశారు. బొంబాయి నుంచి ఠాణాకు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853 ఏప్రిల్‌లో. అంతకు ఎనిమిదేళ్ళ ముందే ధవళేశ్వరంలో రాళ్ళ బండ్లు పట్టాల మీద దొర్లాయి. భారతదేశంలో అన్నిటికంటే ముందు వేసిన రైలు పట్టాల్లో ఇవి ఒకటి. ఈ ఒక్క సంగతి ఊళ్ళో ప్రతి బడి పిల్లవాడికీ తెలిసి ఉండాల్సింది. కొండ దగ్గర ఆ మాట రాసిన ఒక పలక పెట్టినా ఎంతో మేలు.

ఆనకట్ట ఎందుకు అవసరమైందో కూడా కొండ మీద నిలబడే చెప్పాలి. పైనుంచి చూస్తే నది, లంకలు, అవతలి గట్టు, దిగువన పచ్చగా పరుచుకున్న డెల్టా ఒక్క చూపులో కనిపిస్తాయి. ఆ పచ్చదనం పాతది కాదు. 1832–33లో వచ్చిన నందన కరువు ఈ జిల్లాలను కుదిపేసింది. 1839లో తుఫాను కోరంగి తీరాన్ని ఊడ్చేసింది. ఇంజరంలో, నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ బట్ట కొనే కార్ఖానాలు అప్పటికే మూతపడి, నేతగాళ్ళు బతుకుతెరువు పోగొట్టుకున్నారు. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు, 1841 నాటికి 5 లక్షల 61 వేలు. ఇరవై ఏళ్ళలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు లేకుండా పోయారు. చనిపోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు వలస వెళ్ళారు. ఇంత నీళ్ళున్న నది పక్కన ఇంత కరువు ఎందుకుండాలన్నదే 1844లో కాటన్ ప్రభుత్వానికి పంపిన నివేదికలోని ప్రశ్న.

కాటన్ అప్పటికే తమిళనాడులో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టి వచ్చాడు. కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణను దగ్గరగా పరిశీలించాడు. అడుగు దొరకని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో ఈ దేశపు పాత పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని తర్వాతి కాలంలో ఆయనే ఒప్పుకున్నాడు. ఈ మాటకు కాటన్ జయంతి ఉపన్యాసాల్లో ఇంకా పెద్ద చోటు దక్కాలి. గోదావరి ఆనకట్ట ఇంగ్లండు నుంచి దిగివచ్చిన విద్య కాదు. కల్లణలో నేర్చుకున్నది, ఇక్కడి రాయి, ఇక్కడి సున్నం, ఎగువ అడవుల టేకు, ఇక్కడి కూలీల ఒళ్ళు కలిస్తే నిలబడ్డ గోడ అది.

పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా కట్టిన ఆనకట్ట మొత్తం పొడవు దాదాపు 12 వేల అడుగులు. పని ఉధృతంగా సాగిన రోజుల్లో సుమారు పది వేల మంది చేశారు. 1848లో ఆరోగ్యం దెబ్బతిని కాటన్ ఆస్ట్రేలియా వెళ్ళిపోతే, 1850లో ఆయన తిరిగొచ్చే దాకా పని భారమంతా కెప్టెన్ ఆర్ మోశాడు. కూలీల్ని సమకూర్చి, నడిపించి, పని ఆగకుండా చూసినవాడు వీణం వీరన్న. ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. వీరన్న లేకపోతే పని ఇంత త్వరగా సాగేది కాదన్నది కాటన్ కూడా దాచుకోని నిజం. ఆర్ పేరు ఈ రోజు డెల్టాలో ఎంతమందికి తెలుసు? వీరన్న పేరైనా ఈ మధ్య కాస్త వినిపిస్తోంది. పది వేల మందిలో మిగతావాళ్ళ పేర్లు ఏ రాతిమీదా లేవు.

కొండ దిగి ఏటిగట్టు మీదికి వస్తే ఇప్పుడు కనిపించేది కాటన్ కట్టిన ఆనకట్ట కాదు. 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తిచేసిన బ్యారేజీ. పాత నాలుగు ముక్కల లెక్కే దీనిదీ. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175 గేట్లు. పది లక్షల ఎకరాలకు పైగా నీరు దీని మీదే ఆధారపడి ఉంది. ఇక్కడి నీటిమట్టం కొలిచే స్కేలు డెల్టాలో ప్రతి ఇంటికీ తెలిసిన వస్తువు. వరద రోజుల్లో 11.75 అడుగులు తాకితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 కు రెండోది, 17.75 కు మూడోది. టీవీలో ఆ అంకెలు వింటూ లంక గ్రామాల వాళ్ళు సామాన్లు సర్దుకోవడం మొదలుపెడతారు. 1986 ఆగస్టు వరదలో ఇక్కడి నుంచి 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రానికి వెళ్ళింది. నడకకు వచ్చిన పెద్దవాళ్ళలో ఆ వారం గుర్తున్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళ చేత స్కేలు పక్కనే ఆ మాటలు చెప్పిస్తే పిల్లలకు క్యూసెక్కు అంటే ఏమిటో వేరే పాఠం అక్కర్లేదు.

కాటన్ మ్యూజియం బ్యారేజీకి దగ్గర్లోనే ఉంది. ఆనకట్ట, లాకుల నమూనాలు, పాత చిత్రాలు, ఆవరణలో పెట్టిన పాత యంత్రాలు ఇక్కడ ఉన్నాయి. చాలామంది నమూనాలు చూసి, విగ్రహం దగ్గర ఫోటో దిగి బయటికొస్తారు. బయట పెట్టిన ఇనుప యంత్రాల దగ్గర కాసేపు ఆగాలి. ధవళేశ్వరానికి ఒక పెద్ద వర్క్‌షాపు ఉందని, ఆనకట్ట పనితోపాటే అది పుట్టిందని ఆ యంత్రాలు గుర్తు చేస్తాయి. లాకు తలుపులు, తూము షట్టర్లు, ప్రభుత్వ పడవలు చేయడం, బాగుచేయడం ఆ పబ్లిక్ వర్క్స్ వర్క్‌షాపు పని. డెల్టాలో కమ్మరానికీ వడ్రంగానికీ అది తరాలపాటు బడిలాంటిది. అక్కడ చేయి తిరిగినవాళ్ళు తర్వాత రైసు మిల్లుల్లో, లాంచీల్లో, చిన్న చిన్న ఇంజన్ షాపుల్లో పనికి కుదిరారు.

ఈ పనివాళ్ళ ఊళ్ళోనే 1874లో కందుకూరి వీరేశలింగం బడిపంతులుగా ఉన్నాడు. వివేకవర్ధని పత్రిక పెట్టింది ఆ ఏడే, ఆడపిల్లలకు బడి తెరిచింది కూడా ఆ ఏడే, రెండూ ధవళేశ్వరంలో ఉండగానే. సాహిత్య చరిత్రలో ఈ సంగతి ఒక వాక్యంగా వచ్చి పోతుంది. కానీ ధవళేశ్వరం అప్పటికి ప్రభుత్వ ఉద్యోగులు, మేస్త్రీలు, లెక్కలు రాసేవాళ్ళు, నెల జీతాల వాళ్ళు ఉండే ఊరని తెలిస్తే, ఆడపిల్లల బడి అక్కడెందుకు సాధ్యమైందో కొంత అర్థమవుతుంది.

ఇక లాకు. తూర్పు కాలువ ధవళేశ్వరంలో, మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంకలో, పశ్చిమ కాలువ విజ్జేశ్వరంలో పుడతాయి. మూడుచోట్లా నీళ్ళు వదిలే హెడ్ స్లూయిజులతోపాటు, పడవలు నదిలోంచి కాలువలోకి దిగడానికి లాకులు కట్టారు. నది మట్టం వేరు, కాలువ మట్టం వేరు. పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎలా వెళ్ళాలి? లాకు అంటే రెండు చివర్లా జత తలుపులున్న రాతిగోడల ఇరుకు గది. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు వేస్తారు. ముందు తలుపుల అడుగున ఉన్న చిన్న తూము ఎత్తితే నీళ్ళు మెల్లగా ఎక్కుతాయి, లేదా దిగుతాయి. లోపలా బయటా మట్టం సమానమయ్యాక తలుపులు ఒక మనిషి తోసినా తెరుచుకుంటాయి. అదివరకు పదిమంది తోసినా కదలవు.

ఈ తలుపుల్లో ఒక చమత్కారం ఉంది, కాలువ కట్టేసిన రోజుల్లో అయితే గడప దాకా దిగి చూడవచ్చు. మూసినప్పుడు రెండు రెక్కలూ ఒకే గీత మీద నిలవవు. నీరు ఎక్కువగా ఉన్న వైపుకు కొద్దిగా పొడుచుకొచ్చి, కోణంగా కలుస్తాయి. అడుగున రాతి గడప కూడా అదే కోణంలో చెక్కి ఉంటుంది. నీటి బరువు పెరిగేకొద్దీ రెక్కలు ఒకదాన్నొకటి మరింత గట్టిగా నొక్కుకుంటాయి. కారకుండా ఆపడానికి గడియ అవసరం లేదు, నీరే గడియ వేస్తుంది. లాకులు నడిపే కాలువ లస్కర్లకు ఈ లెక్క చేతి మీద ఉండేది. తలుపు మూసిన చప్పుడును బట్టి రెక్క సరిగా కూర్చుందో లేదో చెప్పగలిగేవాళ్ళు. లస్కరు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఒకరు గట్టు మీద నిలబడి ‘ఇటు చూడండి బాబూ’ అని గడప కోణం చూపిస్తే, ఆ పది నిమిషాలు ఏ ఇంజనీరింగు కాలేజీ పాఠానికీ తీసిపోవు.

ఒకప్పుడు డెల్టాలో దాదాపు 500 మైళ్ళ కాలువల మీద పడవలు తిరిగేవి. ధాన్యం, కొబ్బరి, కలప, ఇసుక, పెళ్ళివారు, కోర్టు పక్షులు, అందరూ నీళ్ళ మీదే. గాలి ఉంటే చాప ఎత్తేవాళ్ళు, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగేవాళ్ళు. కాకినాడ నుంచి కాలువల వెంబడి కృష్ణ దాటి, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాకా జలదారి ఉండేది. ఈ దేశానికి రైళ్ళకంటే నీటి దారులే చవకని కాటన్ చివరి దాకా ఇంగ్లండులో వాదిస్తూనే ఉన్నాడు. ఆ వాదంలో ఆయన ఓడిపోయాడు. రైలు, ఆ తర్వాత లారీ వచ్చాక పడవలు తగ్గాయి. చాలాచోట్ల లాకులు వాడకం లేక తలుపులు పోగొట్టుకుని మిగిలాయి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణలలో కొంత భాగాన్ని కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ ప్రకటన ఎంతవరకు నడిచినా, పాత లాకుల్ని కొలిచి, బొమ్మలు గీసి, ఫోటోలు తీసి భద్రపరిచే పని దానికోసం ఆగనక్కర్లేదు. ఊరివాళ్ళే చేయగలిగిన పని అది.

ఒక పూట మిగిలితే పి.గన్నవరం వెళ్ళాలి. వైనతేయ పాయ మీద కాలువనే వంతెన ఎక్కించి అవతలి నగరం లంకకు నీరు పంపిన అక్విడక్టు అక్కడ ఉంది. 1850ల మొదట్లో లెఫ్టినెంట్ ఎఫ్.టి. హేగ్ కట్టించాడు. 40 అడుగుల కమానులు 49. కింద నది, పైన కాలువ, పక్కనే మనుషులు నడిచే దారి. నెలల వ్యవధిలో, వరదకు ముందు ఇంత కట్టడం లేపడమంటే ఇటుక కాల్చేవాళ్ళు, సున్నం గానుగ ఆడించేవాళ్ళు, కమాను కింద కర్ర చట్రం బిగించే వడ్రంగులు ఏ స్థాయిలో పనిచేశారో ఊహించుకోవాలి. 2000లో పక్కన కొత్త అక్విడక్టు వచ్చింది. దానికి ఆ ప్రాంతపు అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు, తగిన పేరే. బస్సులో దాటిపోయేవాళ్ళు దిగి, పాత కమానుల వైపు కాసేపు నడిస్తే రెండు శతాబ్దాల పనితనం పక్కపక్కన చూడవచ్చు. ఇదే హేగ్ తర్వాత ఎగువ గోదావరిని నాగపూర్ వైపు పడవల దారిగా చేయాలని భద్రాచలం దగ్గర దుమ్ముగూడెంలో ఆనకట్ట, లాకులు కట్టించాడు. ఆ పథకాన్ని 1871లో వదిలేశారు.

రాజమండ్రి ఊళ్ళోకి వస్తే పని రూపం మారుతుంది. రాయి, నీరు పోయి ఇనుము, కాగితం, ఎబొనైటు వస్తాయి.

కోటగుమ్మం దగ్గర రత్నం పెన్నులు అడిగితే ఎవరైనా దారి చెబుతారు. కె.వి. రత్నం కంసాలులకు పనికొచ్చే అచ్చులు చేసే పనివాడు. స్వదేశీ వస్తువేదైనా, మామూలు మనిషికి ఉపయోగపడేది, చేయమని గాంధీజీ అన్న మాట ఆయన్ను పట్టుకుంది. 1932లో పెన్ను చేశాడు. 1935లో గాంధీజీ తన చేత్తో ఆ పెన్నుతో రాసి, బజారులో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి బదులుగా ఉందని మెచ్చుకుంటూ ఉత్తరం పంపారు. ఆ ఉత్తరం కథ అందరూ చెబుతారు. చూడాల్సింది పెన్ను తయారయ్యే తీరు. ఎబొనైటు అంటే రబ్బరును గంధకంతో కలిపి బాగా వేడిచేసి గట్టిపరిచిన కడ్డీ. దాన్ని లేతుకు బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తే నల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తుంది, గంధకం వాసన గుప్పుమంటుంది. పని చేసేవాడు కళ్ళు కడ్డీ మీద, చెవి లేతు మీద పెడతాడు. ఉలి ఎక్కువ నొక్కుకుంటే చప్పుడు మారుతుంది. లోపల గుల్ల చేయడం, మూతకూ ఒంటికీ మర తీయడం, మూత తిప్పినప్పుడు ఎక్కడా పట్టకుండా, వదులు కాకుండా కూర్చోబెట్టడం, చివర గుడ్డతో రుద్ది మెరుగు తేవడం. ఒక్క పెన్నుకు ఇన్ని పనులు, అన్నీ చేత్తోనే. పిల్లల్ని తీసుకెళ్ళదగ్గ చోటు ఇది. ముందు అడిగి, పనికి అడ్డం రాకుండా, ఇద్దరు ముగ్గురి చొప్పున వెళ్ళాలి.

పేపర్ మిల్లు గురించి కొద్దిగా. 1920లలో కర్నాటిక్ పేపర్ మిల్స్‌గా మొదలై, 1953లో ప్రభుత్వం చేతికి వచ్చి ఆంధ్రా పేపర్ మిల్స్ అయింది. 1964లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళి, ఆ తర్వాత కూడా యజమానులు మారుతూ వచ్చింది. మొదట్లో ఏజెన్సీ వెదురు దీనికి ముడిసరుకు, ఇప్పుడు రైతులు పెంచే సుబాబుల్, సరుగుడు. ఆ కర్ర లారీలు రోడ్డు వెంబడి బారులు తీరడం ఊళ్ళో అందరూ చూసేదే. పొగాకు ఈ ప్రాంతానికి ఎంత ముఖ్యమో చెప్పడానికి 1947లో ఇక్కడే పెట్టిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ చాలు. ఈ రెండింటికీ విడివిడిగా ఒక ప్రసంగం పెట్టుకోవచ్చు. నడకలో కలిపితే సమయం చాలదు.

నడకను హేవలాక్ వంతెన దగ్గర ముగించాలి. 1893లో ఈ తీరం వెంట రైలు వచ్చినప్పుడు గోదావరి దాటడానికి వంతెన లేదు. బెజవాడ నుంచి వచ్చినవాళ్ళు కొవ్వూరులో దిగి, పడవలో ఏరు దాటి, ఇవతల రాజమండ్రిలో మళ్ళీ రైలెక్కేవాళ్ళు. 1897 నవంబరులో వంతెన పని మొదలైంది. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన ఎఫ్.టి.జి. వాల్టన్ దీనికీ ఇంజనీరు. 1900 ఆగస్టులో రైళ్ళు నడిచాయి. 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు, మొత్తం దాదాపు రెండు ముప్పావు కిలోమీటర్లు. ఆనాటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు.

వంతెన చూసేవాళ్ళ కళ్ళు ఇనుప దూలాల మీదికి పోతాయి. అసలు పని కింద ఉంది. గోదావరిలో రాతి అడుగు ఎక్కడో లోతున ఉంటుంది, పైనంతా ఇసుక. అందుకని ప్రతి స్తంభం కిందా బావి దింపారు. ఇసుక మీద ఇనుప అంచు పెట్టి, దాని మీద గుండ్రంగా రాతికట్టు లేపుతారు. లోపలి ఇసుక తవ్వి పైకి తీసేకొద్దీ కట్టు తన బరువుకు తానే కిందికి దిగుతుంది. దిగినంత మేర పైన మళ్ళీ కడతారు. గట్టి నేల తగిలాక అడుగు మూసి, లోపల నింపేస్తారు. లంక ఊళ్ళలో బావికి ఒరలు దించడం చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. కాటన్ ఆనకట్ట పునాదికీ చిన్న బావులే వరసగా దింపారు. పల్లె బావికీ, 1847 ఆనకట్టకూ, 1897 రైలు వంతెనకూ ఒకే సూత్రం. బావులు తవ్వే వృత్తిలో ఉన్న కుటుంబాలు ఈ మూడింటిలోనూ పనిచేసి ఉంటాయన్నది ఊహించదగ్గ మాట. ఈ ప్రాంతపు ఇంజనీరింగు చరిత్ర రాసేవాళ్ళు దొరల డైరీలతోపాటు ఆ కుటుంబాల జ్ఞాపకాల దగ్గరికీ వెళ్ళాలి.

1974లో పక్కన రోడ్డు–రైలు వంతెన వచ్చింది. 1997లో కాంక్రీటు ధనుస్సుల వంతెన వచ్చాక హేవలాక్ మీద రైళ్ళు ఆగిపోయాయి. ఆ తర్వాత పాత వంతెనను తుక్కు కింద అమ్మేస్తారన్న భయం ఊరిని చాలాకాలం వెంటాడింది. అమ్మొద్దని ఊరివాళ్ళు పట్టుబట్టారు. ఏళ్ళ తరబడి మాటలు నడిచాక 2025 జూన్‌లో అఖండ గోదావరి పర్యాటక పథకానికి పుష్కర్ ఘాట్ దగ్గర శంకుస్థాపన జరిగింది. 94 కోట్ల 44 లక్షల రూపాయల ఆ పథకంలో హేవలాక్ వంతెనను సందర్శకులకు తెరవడం ముఖ్యమైన భాగం.

దీపాలు, కూర్చునే బల్లలు, తినుబండారాల కొట్లు ఎలాగూ వస్తాయి. వాటితోపాటు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, ఇప్పుడే చేయకపోతే తర్వాత కుదరవు. కనీసం ఒక ఖానాలోనైనా పాత పట్టాలు, స్లీపర్లు ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. గోడకు వేలాడే బొమ్మ సరిపోదు, బావి పునాది ఎలా దిగుతుందో చేత్తో తిప్పి చూసే నమూనా ఒకటి పెట్టాలి. రివెట్టు ఎర్రగా కాల్చి, పట్టకారుతో పట్టి, సుత్తితో కొట్టి బిగించిన తీరు చెప్పే మనిషి కావాలి. వంతెన మీద పనిచేసిన గ్యాంగ్‌మన్‌లు, రైలు నడిపిన డ్రైవర్లు ఇంకా ఉన్నారు. వాళ్ళ మాటలు వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసి అక్కడ వినిపించాలి. ధవళేశ్వరం వర్క్‌షాపు, కొండ మీది క్వారీలు, తూర్పు కాలువ లాకు ఈ వంతెన నుంచి గంటలోపు దూరంలోనే ఉన్నాయి. వంతెన దగ్గర టిక్కెట్టు తీసుకున్నవాళ్ళకు ఆ మూడు చోట్ల పటం, వాటి దగ్గర వారానికి ఒకసారైనా తెలుగులో చెప్పే మనిషి, నడవలేని పెద్దవాళ్ళకు ఒక చిన్న బస్సు ఏర్పాటు చేస్తే, ఈ ఊరిని చూడ్డానికి ఒక పూట వచ్చినవాళ్ళు రెండు రోజులు ఉండిపోతారు.